లక్ష్యసాధకుడు అప్పలకొండ

గరుగుపాలెం పురపాలక సంఘానికి సర్వోత్తమరావు గారు కమిషనరుగా వచ్చిన ఏడాదే, డిసెంబరు చివర్లో, పైవాళ్లు ఆయన్ని ఒక శిక్షణకు పంపారు. సముద్రం ఒడ్డున, హోటల్లో జరిగిన శిక్షణ అది. వెళ్లేటప్పుడు ఆయన అందరిలాంటి మనిషే. చెత్త లారీలకు డీజిలు చాలడం లేదనీ, కుళాయి పన్ను వసూలు కావడం లేదనీ దిగులుపడుతూ వెళ్లారు. తిరిగొచ్చాక ఆ రెండు మాటలూ మళ్లీ ఎత్తలేదు. లోపం డీజిల్లో లేదనీ, మనిషిలో ఉందనీ అక్కడ ఆయనకు తెలిసిందట.

కొత్త సంవత్సరం రోజున మమ్మల్నందర్నీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, ప్రతి మనిషికీ ఒక వ్యక్తిగత లక్ష్యం ఉండాలని, ఆ లక్ష్యం వైపు ఎవరిని వారే తట్టి నడిపించుకోవాలని చెప్పారు. వారం తిరక్కుండా అది ఉత్తర్వయింది. నేను సిబ్బంది సెక్షన్లో గుమాస్తాని కనుక దాన్ని టైపు చేసింది నేనే. దాని పేరు నూతనారంభ స్వీయ ప్రోత్సాహక పథకం. ప్రతి ఉద్యోగి తన లక్ష్యమును తెలియజేయవలెను. ప్రతిదినము ఉదయం పదిన్నరకు నిలువుటద్దం ముందు నిలబడి, పక్క సెక్షను వారికి వినబడు స్థాయిలో, తన్ను తాను పేరు పెట్టి పిలుచుకొని ప్రోత్సహించుకొనవలెను. ఒకరినొకరు ప్రోత్సహించుకొనుట నిషిద్ధము, ఏలనన అది స్వీయము కాదు.

నిలువుటద్దాలు వచ్చాయి. పన్నుల సెక్షను వరహాలు పొట్ట తగ్గిస్తానని రాశాడు. తగ్గిందో లేదో చూడటానికి వారం వారం అతన్ని మార్కెట్ యార్డుకి తీసుకెళ్లి, బెల్లం దిమ్మలు తూచే కాటా మీద నిలబెట్టేవారు. ఇంజనీరు గారు కోపం తగ్గించుకుంటానని రాశారు. ఎంతవరకూ తగ్గిందని అడగడానికి వెళ్లిన మేనేజరు గారు నుదుటికి పట్టీ వేయించుకుని వచ్చారు. నేను ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతానని రాశాను. పదిన్నర అయ్యేసరికి ఆఫీసంతా "శభాష్ వరహాలూ", "నువ్వు సాధిస్తావు సత్యవతీ" అని మారుమోగిపోయేది. కుళాయి కనెక్షన్ల కోసం వచ్చినవాళ్లు లోపల ఎవరికో సన్మానం జరుగుతోందనుకుని వరండాలో నిలబడి చప్పట్లు కొట్టేవారు.

ఒక్క సన్యాసిరావు గారే ఏమీ రాయలేదు. ఆయన జనన మరణాల కౌంటర్లో పనిచేస్తారు. రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. మేనేజరు గారు బతిమాలారు, బెదిరించారు, పక్కవాళ్ల లక్ష్యాల్లో ఏదైనా ఒకటి చూసి రాసుకోమని కూడా చెప్పారు. లేనిది ఉందని రాయడం ఎలాగండీ అన్నారు సన్యాసిరావు గారు. సంగతి కమిషనరు గారి దాకా వెళ్లింది. ఆయన పిలిపించినప్పుడు ఫైలు పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను.

"మీ జీవితంలో మీరు సాధించదలుచుకున్నది ఏమిటి సన్యాసిరావు గారూ?" అని అడిగారు కమిషనరు గారు.

సన్యాసిరావు గారు నిజంగానే ఆలోచించారు. "ఏటీ లేదండి. నేనూ మా ఇంట్లోదీ బాగానే ఉన్నాం. పొద్దున్నే లేచి మొక్కలకి నీళ్లు పోసుకుంటాను. ఆఫీసుకొస్తాను. ఉన్నది సాలండి."

కమిషనరు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "లక్ష్యం లేకపోవడాన్ని తెలుగులో ఏమంటారో తెలుసా? నిర్లక్ష్యం. నిర్లక్ష్యం సర్వీసు నిబంధనల ప్రకారం శిక్షార్హం. మీరు చదువుకున్నవారు, మీకు వేరే చెప్పనక్కర్లేదు."

ఆ సాయంత్రమే నిర్లక్ష్యం కింద మెమో తయారైంది. సన్యాసిరావు గారు దాన్ని తీసుకుని, సంతకం పెట్టి, తమ తప్పు ఏమిటో తమకు అర్థమైనదనీ, దిద్దుకొను మార్గము మాత్రము తెలియుట లేదనీ జవాబు రాశారు. అప్పుడు కమిషనరు గారు ముగ్గురితో కమిటీ వేసి, లక్ష్యం లేనివారికి లక్ష్యం కేటాయించే అధికారం దానికి ఇచ్చారు. కమిటీ చాలాసేపు చర్చించి సన్యాసిరావు గారికి ఈత కేటాయించింది.

మా ఊళ్లో పురపాలక సంఘం వారి ఈతకొలను ఒకటుంది. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారి కోసం ట్యాంకర్లతో నింపారు. ఆ తర్వాత అందులో నీళ్లు చూసినవాళ్లు లేరు. ఆ మాట మేనేజరు గారు మెల్లగా విన్నవించారు. నీరు లేకపోవడం ఒక పరిస్థితి మాత్రమేనని, పరిస్థితులను సాకుగా చూపేవాడు ఏనాటికీ ఒడ్డు చేరలేడని కమిషనరు గారు అన్నారు. సన్యాసిరావు గారు వాదించే మనిషి కాదు. పొద్దున్నే వెళ్లి, కొలను అడుగున బల్ల వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడించి వచ్చేవారు. నెల తిరిగేసరికి ఆయన ప్రగతి సంతృప్తికరమని, మునిగిన దాఖలా ఒక్కటీ లేదని కమిటీ రాసింది.

అంతటితో ఆగి ఉంటే అది ఆఫీసు గోడల మధ్యే ఉండిపోయేది. కానీ కమిషనరు గారు ఒకరోజు జనన ధ్రువపత్రం ఒకటి సంతకం చేస్తూ చేస్తూ కలం ఆపేశారు. ఎప్పుడు పుట్టాడో రాస్తున్నాం, ఎక్కడ పుట్టాడో రాస్తున్నాం, ఎవరికి పుట్టాడో రాస్తున్నాం, ఎందుకు పుట్టాడో మాత్రం రాయడం లేదేమని అడిగారు. మర్నాటి నుంచి జనన దరఖాస్తులో శిశువు లక్ష్యం అని ఒక గడి చేరింది.

తల్లిదండ్రులు మొదట బిత్తరపోయినా తొందరగానే అలవాటు పడ్డారు. ఆ నెల గరుగుపాలెంలో పుట్టిన పిల్లల్లో సగం మంది డాక్టర్లు, మిగతా సగం కలెక్టర్లు. ఒక తండ్రి మాత్రం, తన కొడుకు లక్ష్యం రాత్రిళ్లు ఏడవకుండా పడుకోవడమని నిజాయితీగా రాశాడు. ఆశయం చాలలేదని ఆ దరఖాస్తు తిప్పి పంపారు.

పుట్టుకకు ఉన్న గడి చావుకు లేకపోతే లెక్క కుదరదు కదా. మరణ దరఖాస్తులో రెండు గడులు చేర్చారు. మృతుని లక్ష్యమేమి, అది నెరవేరినదా లేదా. నెరవేరకపోతే ఆ మనిషి పని ఇంకా పూర్తి కానట్టే. పని పూర్తి కానివాడు వెళ్లిపోయాడని పురపాలక సంఘం ధ్రువీకరించడం ఎలా కుదురుతుంది? అందుకని వారసులు ఆ లక్ష్యాన్ని నెరవేర్చి, రుజువు చూపితేనే పత్రం ఇవ్వాలని నిబంధన పెట్టారు. ఒక రిటైర్డు మేస్టారికి కాశీ చూడాలని ఉండేదట. కొడుకు సెలవు పెట్టి, తండ్రి ఫోటో సంచిలో పెట్టుకుని కాశీ వెళ్లి, గంగ ఒడ్డున ఫోటో చేతబట్టుకుని ఇంకో ఫోటో తీయించుకుని వచ్చాడు. దాన్ని ఆమోదించారు. కొత్తపేటలో ఒక ముసలాయన లక్ష్యం ఎదురింటివాడి నాశనం చూడటమని భార్య ఉన్నదున్నట్టు రాసింది. కొడుకులు గడువు అడిగారు. ఎదురింటాయన వచ్చి అభ్యంతరం దాఖలు చేశాడు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

ఇలాంటి రోజుల్లో తౌడమ్మ మా ఆఫీసుకు వచ్చింది.

తౌడమ్మ మొగుడు అప్పలకొండ స్టేషను దగ్గర ఆటో నడిపేవాడు. తాగుడు వల్ల కాలేయం పాడై దసరాల తర్వాత పోయాడు. ఆటో పెరట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది. ఆమె తన తమ్ముడి దగ్గర, ఊరి బయట మైదానంలో, బండి నడపడం నేర్చుకుంది. లైసెన్సు కూడా వచ్చింది. ఆటో ఆమె పేరు మీదికి మారితే రోడ్డెక్కడమే తరువాయి. మారడానికి మొగుడు పోయినట్టు మా పత్రం కావాలి. ఈలోగా మరిది వచ్చి, ఆడమనిషికి ఆటో ఎందుకు, అన్న బండి తమ్ముడిదే అని తాళం అడుగుతున్నాడు. ఆమె అప్పటికి రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ మృతుని లక్ష్యం గడి ఖాళీగా ఉందని తిప్పి పంపారు.

మూడోసారి ఆమె కౌంటరు చువ్వలు పట్టుకుని నిలబడితే సన్యాసిరావు గారు లోపలికి పిలిచి కుర్చీ వేయించారు. మీ ఆయన ఎప్పుడైనా ఏదైనా చేస్తాననేవాడా తల్లీ, అని అడిగారు.

"రేపట్నించి తాగుడు మానీత్తానని సెప్పీవోడు బాబూ," అంది తౌడమ్మ. "రోజూ సెప్పీవోడు."

"మానేశాడా?"

ఆమె ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళమేమో అనుకుంది కాబోలు. ఆయన మొహంలో అలాంటిదేమీ లేదు.

"సచ్చిపోనాక మరి తాగనేదు," అంది.

సన్యాసిరావు గారు కలం తీసి, లక్ష్యం అన్న గడిలో మద్యపానం మానుట అనీ, నెరవేరినదా అన్న గడిలో పూర్తిగా నెరవేరినది, నేటివరకు భంగము లేదు అనీ రాసి, కింద ఆమె చేత వేలిముద్ర వేయించారు. అది అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ మధ్యాహ్నమే దరఖాస్తు కమిషనరు గారి బల్ల మీదికి వెళ్లింది. మర్నాడు సంతకమై వచ్చేస్తుందని సన్యాసిరావు గారు ఆమెకు చెప్పి పంపారు.

సంతకం రాలేదు. విచారణ వచ్చింది. ఇంత సంపూర్ణమైన సాధన జిల్లాలోనే చూడలేదని, నిజానిజాలు తేల్చమని కమిషనరు గారు శానిటరీ ఇన్‌స్పెక్టరును పంపారు. ఇన్‌స్పెక్టరు ఇరుగుపొరుగును విచారించాడు. వైన్ షాపుకి వెళ్లి యజమాని వాంగ్మూలం తీసుకున్నాడు. సదరు అప్పలకొండ గతంలో రోజూ వచ్చేవాడనీ, ఫలానా తేదీ తర్వాత ఒక్కసారి కూడా షాపు గుమ్మం తొక్కలేదనీ, ఆ మేరకు తన వ్యాపారం దెబ్బతిన్నదనీ యజమాని రాసిచ్చాడు.

ఆ నివేదిక చదివి కమిషనరు గారు కదిలిపోయారు. అప్పటికి మా ఆఫీసులో వరహాలు పొట్ట కాస్త పెరిగింది. ఇంజనీరు గారికి కొత్తగా ఇంకో మెమో వచ్చింది. నా ఇంగ్లీషు సంగతి చెప్పుకోవడం ఎందుకు. బతికున్నవాళ్లం ఇంతమందిమి సాధించలేనిది ఒక ఆటో డ్రైవరు సాధించాడు. అతను చనిపోయాడు కదా సార్ అని మేనేజరు గారు గుర్తు చేశారు.

"అయితే ఏమిటండీ? మరణం ఒక పరిస్థితి మాత్రమే," అన్నారు కమిషనరు గారు. "ఆయన దాన్ని సాకుగా వాడుకోలేదు."

పథకం విజయోత్సవ సభలో అప్పలకొండను ఆదర్శ లక్ష్యసాధకుడిగా సన్మానించాలని, తాను సంతకం పెట్టిన ధ్రువపత్రాన్ని ఆ సభలోనే ప్రాంతీయ సంచాలకుల వారి చేతుల మీదుగా ఆయన భార్యకు అందజేయాలని నిర్ణయమైంది. సభ ఉగాదికి ముందు అనుకున్నారు. సంచాలకుల వారికి తీరిక లేక ఉగాది తర్వాతకి వాయిదా వేశారు. మళ్లీ వాయిదా వేశారు. తౌడమ్మ వస్తూనే ఉంది. ఒకసారి వచ్చినప్పుడు, మరిది ఆటో బ్యాటరీ విప్పుకుపోయాడని, వచ్చే వారం చక్రాలు కూడా పట్టుకుపోతానన్నాడని చెప్పింది. ఏడవలేదు. ఏ బస్సు ఏ వేళకు ఉందో చెప్పినట్టు చెప్పింది.

ఆ రోజు సన్యాసిరావు గారు, ఎవరూ పిలవకుండా, కమిషనరు గారి గదిలోకి వెళ్లారు. ఆయన అలా వెళ్లగా నేనెప్పుడూ చూడలేదు. పత్రం మీద సంతకం అయిపోయింది కదా, ఇచ్చేస్తే ఆవిడ బండి దక్కించుకుంటుంది, సభకు ఎలాగూ పిలుద్దామని అడిగారట. సన్మానానికి ముందే పత్రం ఇచ్చేస్తే ఆవిడ సన్మానానికి ఎందుకు వస్తుందండీ అన్నారట కమిషనరు గారు. సన్యాసిరావు గారు బయటికొచ్చి నేరుగా తౌడమ్మ మరిది ఇంటికి వెళ్లారు. అక్కడ ఏం మాట్లాడారో మాకు చెప్పలేదు. చక్రాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

చివరికి మే నెలలో సభ జరిగింది. ఎండ మండిపోతున్నా హాలు నిండింది. వేదిక వెనక గోడంతా అప్పలకొండ ఫ్లెక్సీ. లైసెన్సు మీది చిన్న ఫోటోని అంత పెద్దది చేయడంతో అతను మా అందరి మీదా అనుమానం ఉన్నట్టు చూస్తున్నాడు. సంచాలకుల వారు పూలదండ వేశారు. కమిషనరు గారు మాట్లాడుతూ, సంకల్పం గట్టిదైతే దేహం కూడా అడ్డు కాదని ఈ మహనీయుడు నిరూపించాడన్నారు. తర్వాత మా అందర్నీ నిలబెట్టి ప్రతిజ్ఞ చేయించారు. మేము కుడిచేతులు ముందుకు చాచి, మేమందరమూ శ్రీ అప్పలకొండ గారు వెళ్లిన మార్గముననే పయనింతుమని, మధ్యలో వెనుదిరగమని గట్టిగా చెప్పాం. సభకు పిలిపించిన ఆరోగ్య కేంద్రం నర్సులు కూడా చెప్పారు.

ఆపైన తౌడమ్మను వేదిక మీదికి పిలిచి, భర్త సాధన గురించి యువతకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు దగ్గరికి వచ్చి, ముందు గోడ మీది ఫోటో వైపు చూసింది. ఇంత పెద్దగా ఆ మొహాన్ని ఆమె ఎన్నడూ చూసి ఉండదు.

"మా ఆయన సచ్చిపోయి మానీసినాడు బాబూ. అందులో సెప్పీదేటుంది," అంది. తర్వాత గొంతు కొంచెం తగ్గించింది. "బతికుండగా ఓపాలి నిజింగానే మానీసినాడు. కొన్నాళ్లే. సేతులు వొణికిపోయీవి. అన్నం ముద్ద నోటికాడికి పోయీది కాదు. నానే కలిపి పెట్టీదాన్ని. రేత్రంతా నా సెయ్యట్టుకుని కూకునీవోడు. సాలా కట్టపడ్డాడు బాబూ. అప్పుడెవులూ రానేదు. దండేసీవోలు అప్పుడొచ్చుంటే ఎలాగుండునో మరి."

వరహాలు తల వంచుకున్నాడు. సన్యాసిరావు గారు గోడకు ఆనుకుని నిలబడి కళ్లజోడు తుడుచుకుంటున్నారు. సంచాలకుల వారికి ఆమె యాస సగమే అర్థమైంది కానీ, ఏదో బరువైన మాటే అన్నదని గ్రహించి ముందుగా చప్పట్లు కొట్టారు. కమిషనరు గారు కొట్టారు. అందరం కొట్టాం.

సంచాలకుల వారు పత్రం ఇవ్వడానికి లేచి, ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, ఇంత గొప్ప సాధకుడి భార్యగా ఆమె లక్ష్యం ఏమిటో కూడా సభకు చెప్పమని అడిగారు.

తౌడమ్మ చెయ్యి అప్పటికే పత్రం అంచు మీద ఉంది.

"నాకేటీ నేదు బాబూ," అంది. "ఉందంటే దానికి ఇంకో కాయితం అట్టుకురమ్మంటారు."

పత్రం ఆమె చేతికి వచ్చింది. ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుని, మెట్లు దిగి, వందన సమర్పణకు ఆగకుండా వెళ్లిపోయింది. శాలువా కుర్చీ మీదే ఉండిపోయింది. దాన్ని స్టోర్సులో జమ చేశాం.

మర్నాడు కమిషనరు గారు నన్ను పిలిచి, లక్ష్యం లేదని బహిరంగ సభలో ప్రకటించిన పౌరురాలి మీద నిర్లక్ష్యం కింద చర్య తీసుకునే వీలు ఉందేమో చూడమన్నారు. ఉద్యోగుల మీదే తప్ప పౌరుల మీద లేదని తేలింది. వీలు కల్పించమని కోరుతూ పైకి లేఖ రాశాం. జవాబు రాకముందే ఆయనకు పదోన్నతి వచ్చింది. సంచాలకుల వారు సభ గురించి రాసిన నివేదిక చూసి పైవాళ్లు, పథకాన్ని మిగతా పురపాలక సంఘాలకు విస్తరించే బాధ్యత ఆయనకే అప్పగించారు. ఆయన స్థానంలో వచ్చినావిడ మొదటిరోజే చెత్త లారీల డీజిలు గురించి అడిగింది. ఆ ఫైలు ఎక్కడుందో మేము వెతకడం మొదలుపెట్టాం. దరఖాస్తుల్లో గడులు మాత్రం అలాగే ఉన్నాయి. అచ్చు వేయించినవి అయిపోయేదాకా వాడాలి కదా. సన్యాసిరావు గారు జూన్‌లో రిటైరయ్యారు. రిటైర్మెంటును లక్ష్యసాధనగా పరిగణించవచ్చని కమిటీ అభిప్రాయపడటంతో ఆయన మెమో మూసేశాం.

వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం రైలు దిగి ఆటో ఎక్కాను. ఎక్కాకే చూశాను, నడుపుతున్నది తౌడమ్మ. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. రైల్వే వంతెన ఎక్కుతుండగా, సగం ఎత్తులో బండి ఆగిపోయింది. వెనక ఇసుక లారీ. దాని వెనక ఇంకా ఏవో. అందరూ హారన్లు కొడుతున్నారు. ఆటో ఒక జానెడు వెనక్కి జారింది. నేను గట్టిగా కడ్డీ పట్టుకున్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బ్రేకు తొక్కిపట్టి, రెండు చేతులతో హ్యాండిలు బిగించి, తనలో తను ఏదో అనుకుంది. పెదాలు కదలడం తెలుస్తోంది కానీ, ఆ హోరులో నాకు ఒక్క మాటా వినబడలేదు. మళ్లీ స్టార్టు చేసింది. ఇంజను దగ్గింది, అందుకుంది. బండి ముక్కుతూ మూలుగుతూ వంతెన పైదాకా ఎక్కింది.

అవతలి వైపు దిగాక, వాన నీళ్లు మొహం మీంచి చేత్తో తుడుచుకుని, "ఎక్కడ దించమంటారు బాబూ?" అని అడిగింది.